తీగల మేస్త్రి

మా తమ్ముడు పియానోలు శ్రుతి చేస్తాడు. ఈ మాట చెబితే చాలామంది "అలాంటి పని కూడా ఒకటుందా?" అని అడుగుతారు. ఉంది నాయనా, ఉంది. ఆ పని మీదే ఈ ఇల్లు నడిచింది. పియానో మూత ఎత్తి చూస్తే లోపల వందల కొద్దీ తీగలుంటాయి. తేమకీ, వేడికీ, ఊరికే మూలన పడి ఉన్నందుకు కూడా అవి వదులైపోతుంటాయి. వాటిని మళ్ళీ బిగించి, ఒకదానితో ఒకటి కలిసేలా చెయ్యాలి. అందుకు తీగలు చుట్టి ఉండే మేకులు తిప్పే పిడి ఒకటి, తీగల మధ్య దోపడానికి నాలుగు రబ్బరు ముక్కలు, ఒక జత చెవులు కావాలి. పిడీ రబ్బరూ కొట్లో దొరుకుతాయి. చెవులు మాత్రం వాడికి పుట్టుకతోనే వచ్చాయని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం, వాడూ అదే అనుకునేవాడు.

నేను వాడి అక్కని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయాక తమ్ముడింట్లోనే మేడ మీద గదిలో ఉంటున్నాను. సంగీతంలో నాకు ఓనమాలు రావు. కానీ ఎవరిని ఎవరితో కలపాలో, లైను ఎక్కడ తెగిందో పసిగట్టడం నా ఉద్యోగం నేర్పిన విద్య. అందుకే తమ్ముడి పని తగ్గిపోతోందని వాడికంటే ముందు నేనే కనిపెట్టాను.

వాడికి ఆఫీసు లేదు, యజమాని లేడు, గుమ్మానికి బోర్డు కూడా లేదు. ఎవరింట్లో పియానో ఉంటే ఆ ఇంటికి ఏడాదికోసారి వెళ్ళి, పని చేసి వచ్చేవాడు. ఏడాదికోసారి గుర్తొచ్చే మనిషిని మర్చిపోవడం ఎంతసేపు? పైగా వాడికి పని పంపే సంగీత వాయిద్యాల కొట్టు మూతపడింది. బడుల్లో పాత పియానోలు తీసేసి కరెంటుతో మోగే పెట్టెలు పెట్టుకున్నారు. వాటికి శ్రుతి అక్కర్లేదు. మా వాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనిముట్ల సంచీ పక్కన పెట్టుకుని ముందుగదిలో కూర్చునేవాడు. ఫోన్ మోగేది కాదు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్, నువ్విక్కడ ఇలా పెళ్ళికొడుకులా ముస్తాబై కూర్చుంటే ఎవరొస్తార్రా? నువ్వున్నావని లోకానికి తెలియాలి కదా. ఫోన్లో వీడియోలు పెట్టు. అందరూ పెడుతున్నారు."

"పని చేసుకునేవాడికి ఈ వేషాలేంటక్కా? సిగ్గేస్తుంది."

"ఖాళీగా కూర్చోడానికి వెయ్యని సిగ్గు పని చూపించుకోడానికి వేస్తోందా?"

మరదలు వంటింట్లోంచి కిసుక్కున నవ్వింది. వాడు ముఖం ముడుచుకున్నాడు గానీ కాదనలేదు. ఖాతాకి "తీగల మేస్త్రి" అని పేరు పెట్టింది నేనే. బట్టలారేసే స్టాండుకి ఫోన్‌ని క్లిప్పులతో బిగించి వీడియోలు తీసిందీ నేనే. మొదటి వీడియోలో వాడు శ్రుతి చెయ్యనే లేదు. ఎవరింట్లోదో పాత పియానో విప్పి, ఏళ్ళ తరబడి లోపల పడిపోయిన వస్తువులు ఒక్కొక్కటీ పైకి తీశాడు. పెన్సిలు ముక్కలు, బొమ్మ చెప్పు, ఒక తాళంచెవి, ఎవరిదో చెవి దుద్దు. ఆ ఇంటావిడ దుద్దు చూసి బావురుమంది. అది వాళ్ళమ్మదట. ఆ వీడియోని జనం ఎగబడి చూశారు.

అయితే చూసినవాళ్ళలో పియానో ఉన్నవాళ్ళెంతమంది? నూటికొక్కరు కూడా ఉండరు. కొన్నాళ్ళకి నాకు అసలు సంగతి అర్థమైంది. పని తెచ్చేది చూసేవాళ్ళు కాదు, ఇదే పని చేసే తోటి మేస్త్రీలు. అక్కడొకరు, ఇక్కడొకరు, ఊరికొకరు కూడా ఉండరేమో. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. కానీ ఫోన్లో మాత్రం వీధి అరుగు మీద కూర్చున్నట్టు ఒకచోట చేరి ఉన్నారు. "ఫలానా ఊళ్ళో ఒకాయన అడుగుతున్నాడు, మీకు దగ్గర కదా, వెళ్తారా?" అని ఒకరికొకరు పనులు పంపుకుంటారు. తీగ తెగితే ఎక్కడ దొరుకుతుందో చెప్పుకుంటారు. మా వాడు మొదట బెరుగ్గా, తర్వాత ఇష్టంగా వాళ్ళతో కలిశాడు. ఎవరు ఏమడిగినా ఒంటి వేలితో టైపు చేస్తూ ఓపిగ్గా జవాబు రాసేవాడు. ఫోన్ మళ్ళీ మోగడం మొదలైంది. ఇంట్లో నవ్వులు వినబడ్డాయి.

ఈ మేస్త్రీల్లో ఒక పద్ధతుంది. తోటివాడు శ్రుతి చేసిన పియానో వీడియో పెడితే కింద ఆహా ఓహో అని రాయరు. పూలూ చప్పట్లూ పెట్టరు. శ్రద్ధగా విని, శ్రుతి సరిగ్గా ఉంటే "విన్నాను" అని ఒక్క మాట రాస్తారు. అంతే. సరిగ్గా లేకపోతే ఏమీ రాయరు. పదిమంది చూసేచోట తోటివాడి తప్పు చెప్తే వాడి కూటికి ఎసరు పెట్టినట్టే కదా. అందుకని ఊరుకుంటారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు గానీ అందరూ పాటిస్తారు. నాకేమో జనం పెట్టే ఎర్ర గుండెలు ముద్దు. మా వాడు వాటిని కన్నెత్తి చూసేవాడు కాదు. "విన్నాను"లు ఎన్నొచ్చాయని మాత్రం రోజూ అడిగేవాడు.

అందరిలోకీ ఒకావిడంటే నాకు పడేది కాదు. పేరు పెట్టుకోలేదు, ఫొటో లేదు, దాని బదులు పిల్లి బొమ్మ. దూరపు ఊళ్ళో ఉంటుంది, ఆవిడా మేస్త్రే. మొదటిసారి రాసిందే వంక పెడుతూ రాసింది, అదీ అందరి ముందూ కాదు, విడిగా. "మేస్త్రిగారూ, రబ్బరు ముక్క అలా అడ్డంగా దోపితే పక్క తీగ ఒత్తుకుంటుంది, ఏటవాలుగా పెట్టి చూడండి" అని. వీడు రోజంతా చిటపటలాడాడు. మర్నాడు ఏటవాలుగా పెట్టి చూశాడు. బాగానే ఉందని వీడియో పెట్టి, ఇది ఫలానా ఆవిడ చెప్పిన కిటుకు అని రాశాడు కూడా. అప్పట్నుంచీ ఇద్దరికీ స్నేహం. ఆవిడ "మేస్త్రిగారూ" అంటుంది, వీడు "మేడమ్" అంటాడు. గంటల తరబడి తీగల గురించి రాసుకుంటారు. "ఆ పిల్లిబొమ్మావిడ నీకు హెడ్మాస్టర్రా" అని నేను ఏడిపించేదాన్ని. "హెడ్మాస్టరే. అయితే ఏం?" అనేవాడు.

ఆ తర్వాతే పెద్ద పని వచ్చింది. మా ఊళ్ళోని కచేరీ హాలు మేనేజరు ఫోన్ చేశాడు. అక్కడ నల్లగా నిగనిగలాడే పెద్ద పియానో ఉంది. దాన్ని ముట్టుకోవాలని తమ్ముడికి ఎప్పటినుంచో కోరిక. ఎప్పుడూ వేరే ఊరినుంచి ఎవర్నో పిలిపించేవారు. ఈసారి పేరున్న పియానో విద్వాంసురాలు వస్తోందనీ, ఆ కచేరీకి శ్రుతి చెయ్యమనీ, బాగుంటే ఇకనుంచి హాలు పనంతా నీదేననీ మేనేజరు అన్నాడు. తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. తర్వాత లేచి వెళ్ళి మరదలి ముందు నిలబడి, "హాలు వాళ్ళే పిలిచారు" అన్నాడు. ఆ అనడంలో వాడి వయసు సగానికి సగం తగ్గిపోయింది. హాలు పని ఉంటే ఇక ఇంటింటికీ తిరగక్కర్లేదు. కచేరీ బాగా జరగకపోతే మాత్రం ఊళ్ళో ఇంకెవరూ పిలవరు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అదే రోజుల్లో ఒకటి గమనించాను. వాడి వీడియోలకి ఎర్ర గుండెలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. "విన్నాను"లు మాత్రం తగ్గిపోయాయి. తగ్గి తగ్గి అసలే లేకుండా పోయాయి.

"ఏంటక్కా, మనవాళ్ళెవరూ ఏమీ రాయట్లేదు?" అని అడిగాడు ఒకరోజు.

"కుళ్ళురా, కుళ్ళు. హాలు పని నీకొచ్చిందని తెలిసిపోయుంటుంది."

"అలాంటివాళ్ళు కాదే వాళ్ళు."

పిల్లిబొమ్మావిడ మాత్రం విడిగా రాసింది. "మేస్త్రిగారూ, పై స్థాయి ఒక్కసారి నెమ్మదిగా వాయించి పెడతారా?" పై స్థాయి అంటే పియానోకి కుడి చివర, వేళ్ళతో నొక్కితే సన్నగా మోగే మెట్లు, వాటి సన్నని తీగలు. వీడు వాయించి పెట్టాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ పెట్టాడు. మూడోసారి అడిగేసరికి వాడికి చిరాకేసింది. "మీ ఫోన్ స్పీకరు చిన్నదేమో మేడమ్, సన్నని స్వరాలు సరిగా రావు. మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కుని వినండి" అని రాశాడు. ఆవిడ జవాబివ్వలేదు.

శ్రుతి చూపించే మీటరు ఒకటి ఫోన్లోనే వస్తుంది. కుర్ర మేస్త్రీలంతా దాన్నే వాడతారు. "నువ్వూ ఒకసారి పెట్టి చూడరాదా?" అని నేనన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. వాడికి కోపం ముంచుకొచ్చింది. "చెవులుండగా మీటరెందుకక్కా? నడవడం వచ్చినవాడికి కర్ర ఇస్తావా?" అన్నాడు. 

కచేరీ రోజు పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. వెళ్ళి తీశాను. బొద్దుగా, ఆయాసపడుతూ, చేతిలో బరువైన సంచీతో ఒకావిడ నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులేమో, గుమ్మం పట్టుకుని ఒక్కో అడుగే లోపలికి వేసింది.

"తీగల మేస్త్రిగారి ఇల్లేనా అండీ? నేను... పిల్లి బొమ్మ పెట్టుకుంటాను చూడండి, ఆవిడని."

నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. కోరచూపులతో, కొరడాలాంటి మనిషిని ఊహించుకున్నానే ఇన్నాళ్ళూ! "ఆ పిల్లి బాగుందా?" అన్నాను ఏం మాట్లాడాలో తెలీక.

"అది మా పిల్లి కాదండీ, పక్కింటివాళ్ళది. నాకు పిల్లులంటే భయం" అని నవ్వింది.

తమ్ముడు పరుగున వచ్చాడు. వాడి సంబరం చూడాలి. మరదల్ని పిలిచాడు, కుర్చీ తుడిచాడు, మంచినీళ్ళు తెచ్చాడు. "మేడమ్, కచేరీ కోసం వచ్చారా? ముందే చెబితే స్టేషన్‌కి వచ్చేవాణ్ణి కదా!" అంటూ హడావిడి పడిపోయాడు. ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ముందుగదిలో గోడకానుకుని ఉన్న వాడి పాత పియానో వైపు చూసింది.

"మేస్త్రిగారూ, సరదాకి ఒక ఆట ఆడదామా? మీరు అటు తిరిగి కూర్చోండి. నేను ఒక తీగ వదులు చేసి మెట్టు మీటుతాను. అది ఏ మెట్టో, ఎంత వదులైందో చెప్పాలి."

"చిన్నపిల్లల ఆటా!" అంటూనే వాడు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ సంచీలోంచి పిడి తీసింది.

ఎడమవైపు, కింది స్థాయిలో మీటింది. వాడు రెప్పపాటులో చెప్పేశాడు. మధ్య స్థాయిలో మీటింది. "నట్టనడి మెట్టు, వెంట్రుకవాసి తగ్గింది" అన్నాడు, నవ్వుతూ. నాకు గర్వంగా అనిపించింది. ఆవిడ కుడివైపు జరిగింది. వాడు ఈసారి కాస్త ఆలోచించి చెప్పాడు. ఇంకా కుడికి జరిగింది. వాడు తల ఒక పక్కకి వంచి, "మళ్ళీ ఒకసారి" అన్నాడు. మళ్ళీ మీటింది. చెప్పాడు. తప్పు. ఆవిడ తప్పని చెప్పలేదు, నాకు ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

తర్వాత చిట్టచివరి మెట్ల దగ్గరికి వెళ్ళి, ఒక మేకుని బాగా వదులు చేసి, మీటింది. సంగీతం రాని నాకే పళ్ళు జివ్వుమన్నాయి.

"మీటండి మేడమ్" అన్నాడు తమ్ముడు.

ఆవిడ నా వైపు చూసింది. మళ్ళీ మీటింది. ఇంకా గట్టిగా.

"మీటండి, నేను సిద్ధం."

"మీటాను మేస్త్రిగారూ."

వాడు వెనక్కి తిరిగాడు. ఆవిడ వేలు ఇంకా మెట్టు మీదే ఉంది. వాడు లేచి వచ్చి, ఆవిడ చెయ్యి పక్కకి తప్పించి తనే కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వాడికి వినబడింది చెక్క చప్పుడొక్కటే అని తర్వాత చెప్పాడు, తలుపు మీద వేలితో తట్టినట్టు టక్ టక్‌మని. తీగ మీద వేలి కొస పెట్టి చూశాడు. తీగ వణుకుతూనే ఉంది. వాడి ముఖంలోంచి రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. 

గుమ్మంలో నిలబడ్డ మరదలు అంది, "నేను వంటింట్లోంచి పిలిస్తే పలకరు కదా మీరు. కోపమేమో అనుకున్నాను. ఇన్నాళ్ళూ నామీద ఎందుకో కోపం వచ్చిందనుకుని నేనే పిలవడం మానేశాను." చెంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తమ్ముడు పిల్లిబొమ్మావిడ వైపు తిరిగాడు. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మీ వీడియోల్లో కొన్నాళ్ళుగా వినబడుతోంది. అందరికీ వినబడుతోంది."

"అయితే చెప్పరా? మీరూ ఊరుకున్నారా?"

"తప్పు మీదో, నా ఫోన్‌దో తేల్చుకోవాలి కదా. మీరే కదా హెడ్‌ఫోన్లు కొనుక్కోమన్నారు? కొన్నాను." ఆవిడ పిడి సంచీలో పెట్టుకుంది. "ఇది రాసే మాట కాదు మేస్త్రిగారూ. ఫోన్లో చెప్పే మాటా కాదు. తీగ కుదురుకోవాలని పై మెట్లని ఎన్నేళ్ళు ఎంత గట్టిగా కొట్టి ఉంటాం మనం? చెవికి అంత దగ్గరగా? పనే తినేసింది."

వాడు తలెత్తాడు. "సరిగ్గా కచేరీ రోజే వచ్చారంటే, హాలువాళ్ళకి నా పేరు చెప్పింది మీరేనా?"

"నేనే. ముందు నన్నడిగారు. ఈ మోకాళ్ళతో అస్తమానం అంత దూరం రాలేననీ, ఆ ఊళ్ళోనే నాకంటే మంచి మేస్త్రి ఉన్నాడనీ చెప్పాను. అప్పటి మీ వీడియోలు విని చెప్పాను."

"అంటే మీ మాట పోతుందని పరిగెత్తుకొచ్చారు."

"అదీ ఉంది. లేదని అంటే అబద్ధం అవుతుంది."

నాకు ఆ క్షణంలో ఆవిడ మీద కోపం రాలేదు. కాళ్ళు పట్టుకోవాలనిపించింది. "అమ్మా, ఎలాగూ వచ్చావు కదా. హాల్లో నువ్వు పక్కనుండి ఆ పై తీగలు చేసిపెట్టు. ఎవరికీ తెలియక్కర్లేదు. వీడి పేరు నిలబడుతుంది. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాను. ఇందులో తప్పేముందని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

"నేను చేస్తాను. చెప్పాలో వద్దో ఆయన ఇష్టం" అందావిడ.

తమ్ముడు లేచాడు. చొక్కా మార్చుకుని, సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరాడు. మరదలు ఇంటి దగ్గరే ఉండిపోయింది, కళ్ళు వాచిపోయిన ముఖంతో హాలుకి రానంది. ముగ్గురం నడిచే వెళ్ళాం. దారిలో పిల్లిబొమ్మావిడ ఆయాసపడితే తమ్ముడు ఆగేవాడు, మళ్ళీ నడిచేవాడు. నా సలహా చెవికెక్కించుకున్నాడనే అనుకున్నాను.

హాలు మేనేజరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో తాళాల గుత్తి. మమ్మల్ని చూడగానే పెద్ద తలుపు తీశాడు. వేదిక మీద ఆ పియానో నల్లగా మెరుస్తోంది. దాని దగ్గరికి కూడా వెళ్ళకుండా తమ్ముడు చెప్పేశాడు.

"సార్, నాకు పై స్థాయి వినబడటం లేదు. ఇవాళ పొద్దున్నే తెలిసింది. మిగతాదంతా నేను చేస్తాను. పై భాగం ఈవిడ చేస్తారు. మీకు నన్ను వద్దనిపిస్తే మొత్తం ఈవిడే చేస్తారు."

నేను తల పట్టుకున్నాను. మేనేజరు తాళాలు చేతిలోంచి జారవిడిచాడు.

"సాయంత్రం కచేరీ పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది సార్."

ఆయన ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. "కానివ్వండి. ముందు ఈ పూట గడవనివ్వండి. ఆ తర్వాత హాలు పని సంగతి మాత్రం నేనేమీ మాటివ్వలేను" అన్నాడు. తమ్ముడు తలూపి వేదిక ఎక్కాడు.

కింది తీగలు, మధ్య తీగలు వాడే చేశాడు. ఎప్పటిలాగే తల వంచి, కళ్ళు సగం మూసుకుని, ఒక్కో మేకునీ వెంట్రుకవాసి తిప్పుతూ. ఖాళీ హాల్లో ఒక్కో స్వరం వెళ్ళి వెనక గోడకి తగిలి వచ్చేది. ఆ పని చూస్తుంటే వాడికి ఏమీ కాలేదనిపించింది. తర్వాత కుడి చివరికి వచ్చాడు. పిల్లిబొమ్మావిడ పిడి అందుకోబోయింది. అంతసేపు నిలబడ్డందుకే ఆవిడ కాళ్ళు వణుకుతున్నాయి.

"మీరు కూర్చోండి మేడమ్. తిప్పేది నేను తిప్పుతాను. మీరు వినండి."

ఆవిడ బల్ల మీద కూర్చుని మెట్టు మీటింది. వాడు పిడి పట్టుకున్నాడు. "పైకి... ఇంకొంచెం... అబ్బే, దాటిపోయింది, వెనక్కి. ఆగండి. ఉంచండి." తర్వాతి తీగ. "పైకి... చాలు." వాడు స్వరం వినకుండా, ఆవిడ మాట వింటూ మేకులు తిప్పాడు. ఆవిడ చెప్పే మాటకీ వాడి చెయ్యి ఆగడానికీ మధ్య మొదట్లో తొట్రుపాటు ఉండేది, పోను పోను అది పోయింది. వాడి నుదుటి మీంచి చెమట కారి కళ్ళలో పడుతుంటే నేను వెళ్ళి తుడిచాను. చెమటేనో కాదో నాకు తెలీదు.

పని అయ్యాక వెళ్ళి హాలు బయటి మెట్ల మీద కూర్చున్నాడు. ఫోన్ తీసి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. నేను పక్కన చేరి తొంగి చూశాను.

"నేను ఈ మధ్య శ్రుతి చేసిన పియానోల్లో పై స్థాయి తప్పుగా ఉండి ఉంటుంది. నా చెవికి అది అందడం లేదని ఇవాళే తెలిసింది. ఆ ఇళ్ళన్నిటికీ మళ్ళీ వస్తాను. చెవి బాగున్న మరో మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చి సరిచేసి వెళ్తాను. తోటి మేస్త్రీలకి ఒక మాట. మీరంతా ఎందుకు మాట్లాడకుండా ఉన్నారో అర్థమైంది. నా పరువు కాపాడారు, సంతోషం. కానీ ఇకమీదట ఎవరి విషయంలోనూ ఊరుకోకండి. విడిగా అయినా చెప్పండి."

"ఒరేయ్, నీకేమైనా మతి పోయిందా? ఇంతకాలం కష్టపడి కూడగట్టుకున్నదంతా నీ చేత్తో నువ్వే తుడిచేసుకుంటావా? మేనేజరుకి చెప్పావు, చాల్దా? ఊరందరికీ దండోరా వెయ్యాలా?" అని ఫోన్ లాక్కోబోయాను.

"ఆ ఇళ్ళల్లో పిల్లలు నేర్చుకుంటున్నారక్కా. తప్పు శ్రుతే సరైనదని వాళ్ళ చెవులకి అలవాటైపోతుంది" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వాడు బటన్ నొక్కేశాడు.

మొదట వచ్చినవి తిట్లే. చెవిటివాడు శ్రుతి చేస్తాడా అని ఒకడు ఎగతాళి చేశాడు. ఎవరో ఒకావిడ, వచ్చేవారం రావద్దు, వేరేవాళ్ళని చూసుకుంటామని రాసింది.  కాసేపటికి తోటి మేస్త్రీల్లో ఒకాయన రాశాడు. పేరున్నవాడు, అందరికంటే పెద్దవాడు. "నాకు ఎడమ చెవి పోయి చాలాకాలమైంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీటరు దాచిపెట్టుకుని చూసి చేస్తున్నాను" అని. దాని కింద ఇంకొకరు, "నాకూ అనుమానంగానే ఉంది, భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు" అని. తర్వాత ఒక కుర్ర మేస్త్రి, "మీ ఊరికి రెండు గంటల దారిలో ఉంటాను. ఏ ఇంటికి ముందు వెళ్దామో చెప్పండి, వస్తాను" అని. ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. వాడు ప్రతిదీ చదివి, నాకిచ్చి, మళ్ళీ తీసుకుని చదివాడు. పిల్లిబొమ్మావిడ కింది మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. ఇంతమంది ఇన్నాళ్ళుగా ఒకరికొకరు ఏం చెప్పుకోకుండా ఎలా బతికారా అని నాకు దిగులేసింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. మేనేజరు మా ముగ్గురికీ చిట్టచివరి వరసలో చోటిచ్చాడు. విద్వాంసురాలు వచ్చి, కుర్చీ సరిచేసుకుని వాయించడం మొదలుపెట్టింది. మొదట్లో లోతుగా, బరువుగా ఉంది. తమ్ముడు ముందుకు వంగి వింటున్నాడు. వాడి పెదవులు కదులుతున్నాయి. ఎక్కడా తప్పు లేదని వాడి భుజాలు చూస్తే నాకే తెలిసిపోయింది. చాలాసేపు అలాగే సాగింది.

చివర్లో విద్వాంసురాలి చేతులు కుడివైపుకి పాకాయి. సన్నగా, ఇంకా సన్నగా, ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయాయి. పక్కకి చూశాను. తమ్ముడు వేదిక చూడటం మానేశాడు. పిల్లిబొమ్మావిడ ముఖమే చూస్తున్నాడు, రెప్ప వాల్చకుండా. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. వేదిక మీద చివరి స్వరం మోగింది. సూది పడితే వినబడేంత నిశ్శబ్దంలో అది కాసేపు నిలిచి, ఆగిపోయింది. ఇంకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లిబొమ్మావిడ కళ్ళు తెరిచి, తమ్ముడి వైపు తిరిగి, తలూపింది.

వాడు నా వైపు వంగాడు. రహస్యంగా చెబుతున్నాననే అనుకున్నాడు, కానీ హాలంతా వినబడేలా అన్నాడు.

"బాగుందట అక్కా."

ముందు వరసల్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నేను వాడి చెయ్యి పట్టుకుని, వాడి చెవి దగ్గరగా జరిగి, గట్టిగా చెప్పాను. "బాగుందిరా. చాలా బాగుంది."